జాబితాలో మన పేరు: డేటాబేస్ వేగమా, ప్రోగ్రామ్ వేగమా?

కొత్తపేట దగ్గర ఓ మసీదు వరండాలో నలుగురు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ ముందేసుకుని ఓటరు జాబితా సరిచూస్తున్నారు. ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన పేర్లు 1,100. ఇవన్నీ జాబితాలో ఉన్నాయా, ఎవరిదైనా ఎగిరిపోయిందా అన్నది తేల్చాలి. బటన్ నొక్కారు. దాదాపు నిమిషం దాకా ఉలుకూ పలుకూ లేదు. "నెట్ స్లో భాయ్" అన్నాడు ఒకడు. నెట్ తప్పు కొంతే. అసలు చిక్కు అడిగే తీరులో ఉంది.

జాబితాని వాళ్ళు ఓ అద్దె సర్వర్‌లో, డేటాబేస్‌లో ఎక్కించారు. ప్రోగ్రామేమో ఒక్కో పేరుకీ విడిగా సర్వర్‌ని అడుగుతోంది. ఒకసారి వెళ్ళి రావడానికి 50 మిల్లీసెకన్లు అనుకుందాం. 1,100 పేర్లకి 55 సెకన్లు. అందులో వెతకడానికి పట్టేది చాలా తక్కువ, మిగతాదంతా దారి ఖర్చే. అంబాజీపేట మార్కెట్‌కి ఒక్కో కొబ్బరికాయకీ ఒక్కో ట్రిప్పు వేసినట్టు.

జాబితా మొత్తం ఒకేసారి తెచ్చుకుని ప్రోగ్రామ్ లోపలే అర్రేలో పెట్టుకుంటే? అర్రే అంటే మెమరీలో వరసగా పేర్చిన పేర్లు, అంతే. 1,100 పేర్లనీ బూత్‌లోని సుమారు 1,100 పేర్లతో మొదట్నుంచి చివరిదాకా పోల్చినా 12 లక్షల పోలికలు. వినడానికి పెద్ద అంకె. కంప్యూటర్‌కి సెకను పని కూడా కాదు. మార్చి నడిపితే నిజంగానే రెప్పపాటులో అయిపోయింది.

అలాగని డేటాబేస్ దండగ అనుకోకండి. ఒక బూత్ కాకుండా నియోజకవర్గం మొత్తం, రెండు లక్షల పేర్లు అనుకోండి. ఒక్క పేరు కోసం అర్రేలో వరసగా వెతికితే సగటున లక్ష పోలికలు. అక్షర క్రమంలో పేర్చుకుని, మధ్యకి వెళ్ళి సగం సగం వదిలేస్తూ పోతే 18 చాలు. డేటాబేస్‌లో ఈ పని ఇండెక్స్ చేస్తుంది. నేను చదివింది కామర్స్ కాబట్టి నాకు లెడ్జర్ గుర్తొస్తుంది. ముందు పేజీల్లో అక్షరాల వారీగా ఖాతాదారుల పేర్లు, పక్కన పేజీ నంబరు. పుస్తకమంతా తిరగేయక్కర్లేదు. డేటాబేస్‌లు ఎక్కువగా వాడే ఇండెక్స్ పేరు బి-ట్రీ. బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు దీన్ని రూపొందించి 1972లో వ్యాసంగా ప్రచురించారు.

మన వీధుల్లో మాత్రం ఇక్కడో తమాషా ఉంది. ఇంటిపేరు మీద ఇండెక్స్ కడితే లాభం తక్కువ. 'షేక్' అని అడిగితే సగం వీధి వచ్చేస్తుంది, ఆ పైన 'మహమ్మద్', 'సయ్యద్'. లెడ్జర్‌లో ఒక్క అక్షరం కిందే పదిహేను పేజీలు ఉన్నట్టన్నమాట. పోనీ పేరులో ఎక్కడైనా 'బీ' ఉన్నవాళ్ళని చూపించమంటే మామూలు ఇండెక్స్ చేతులెత్తేస్తుంది, డేటాబేస్ కూడా మొదట్నుంచి చివరిదాకా చూడాల్సిందే. పైగా ఒక చోట షేక్, ఇంకో చోట షైక్. మనిషి ఒకరే అయినా యంత్రానికి ఇద్దరు. ఓటరు కార్డు నంబరుకి ఈ బాధ లేదు. మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు, ఒకరిది ఇంకొకరికి ఉండకూడదు. అందుకే పేరుతో వెతికి దొరక్కపోతే కంగారు పడకుండా నంబరుతో వెతకమని చెప్పేది.

ఇక మన కుర్రాళ్ళ దగ్గరికి వస్తే, వేగం వచ్చిన ఆనందంలో ఇంకో సంగతి మర్చిపోయారు. అర్రేలో ఉన్నది తెచ్చుకున్న రోజు నాటి కాపీ. తర్వాత అసలు జాబితాలో పేరు చేరినా, తీసేసినా దానికి తెలీదు. ఓ ఖాలా పేరు లేదని చూపిస్తే కొత్త ఓటుకి ఫారం 6 నింపడం మొదలెట్టారు. తీరా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొట్టి చూస్తే పేరు ఉంది, అక్షరం తేడా. కావాల్సింది సవరణకి ఫారం 8. దీనికన్నా ప్రమాదం రెండో రకం: పాత కాపీ 'ఉంది' అంటుంది, అసలు జాబితాలో తీసేసి ఉంటారు. పోలింగ్ రోజు బూత్ దాకా వెళ్ళాక గానీ బయటపడదు.

ఇప్పుడు వాళ్ళు రోజూ పొద్దున్నే తాజా జాబితా ఒకేసారి దించుకుంటున్నారు. వెతుకులాట ల్యాప్‌టాప్‌లోనే. దొరకని పేర్లని మాత్రం కార్డు నంబరుతో ఆన్‌లైన్‌లో చూసి, అక్కడా లేకపోతే బీఎల్‌వోకి ఫోన్ చేస్తున్నారు.