రాలిన కనుబొమ మళ్ళీ మొలుస్తుందా?



రేణిగుంటలో రైలెక్కి అరక్కోణం మీదుగా చెన్నై వెళ్ళేవారికి పెరంబూరు దాటగానే వ్యాసర్పాడి వస్తుంది. ఉత్తర చెన్నైలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. అక్కడున్న మీ మేనకోడలు పెళ్ళిచూపుల ముందు, సగం రాలిన కనుబొమను పెన్సిలుతో దిద్దుకుంటూ, "అత్తా, తలవెంట్రుకలు తీసి ఇక్కడ నాటుతారట, నిజమేనా?" అని అడిగిందనుకోండి. ఏం చెబుతారు?

నిజమే. నారు తీసి నాటు వేసినట్టే ఇదీను. తల వెనుక భాగంలో తిమ్మిరికి సూది ఇచ్చి, వెంట్రుకలను కుదుళ్ళతో సహా తీసి, కనుబొమ చోట ఒక్కొక్కటిగా గుచ్చుతారు. ఒక్కో కనుబొమకు తరచు 150 నుంచి 300 దాకా కావాలి. వెంట్రుక చర్మాన్ని ఆనుకుని చెవి వైపు వాలేటట్టు నాటడంలోనే ఉంది నేర్పంతా. వాలు తప్పిందా, ముళ్ళలా నిక్కబొడుచుకుంటుంది. నాటినవి మొదటి నెలలోనే చాలావరకు రాలిపోతాయి. కంగారు పడకండి, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక కనిపిస్తుంది, నిండు రూపానికి ఏడాది పడుతుంది. అయితే తలవెంట్రుక ఎక్కడికి వెళ్ళినా తన గుణం మానదు. నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించుకుంటూనే ఉండాలి.

జపాను వైద్యుడు ఒకుడా 1939లోనే ఇలాంటి పద్ధతిని వివరించాడు. మనకు దగ్గరలోని వేలూరుకు 1946లో వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ మరో దారి పట్టాడు. కుష్ఠు నయమైనా కనుబొమలు లేని ముఖం చూసి జనం పని ఇచ్చేవారు కాదు. ఆయన వెంట్రుకలున్న తలచర్మపు ముక్కను రక్తనాళంతో సహా నుదుటి చర్మం కిందుగా జరిపి కనుబొమగా అమర్చాడు. కొందరు రోగులు మురిసిపోయి, కత్తిరించకుండా పొడుగ్గా పెంచుకున్నారట!

అసలు సంగతి ఇక్కడే ఉంది. కనుబొమ ఎందుకు రాలింది? బయటి కొస పలచబడితే థైరాయిడ్ లోపం కావచ్చు. స్పర్శ తెలియని మచ్చలు, చెవితమ్మెలు దళసరెక్కడం కనిపిస్తే కుష్ఠు కావచ్చు. దానికి ఆరునెలలో ఏడాదో వాడే మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పేనుకొరుకుడు అయితే తనంతట తానే తిరిగి మొలవవచ్చు. అది తగ్గకముందే నాటితే నాటినవీ రాలతాయి. కాలిన మచ్చ మీద రక్తప్రసరణ తక్కువ, కాబట్టి అన్నీ నాటుకోవు.

పార్లరులో చేయించుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థే తలకు జుట్టు నాటించుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. సూది మందు వికటిస్తే ఆదుకునే డాక్టరు, ఏర్పాట్లు పక్కనే ఉండాలి.

వ్యాసర్పాడికి స్టాన్లీ ప్రభుత్వాసుపత్రి ఎంతో దూరం కాదు. మేనకోడలిని ముందు అక్కడి చర్మవ్యాధుల విభాగానికి తీసుకువెళ్ళండి. వెళ్ళేరోజు పెన్సిలు దిద్దుకోవద్దనండి. డాక్టరు చూడవలసింది ఆ రాలిన చోటునే.