ఊరంత జనం పట్టే స్టేడియం: ఆన్ ఆర్బర్‌లో ఒక శనివారం

ఈ రోజు ఎపిసోడ్‌లో అమెరికాలోనే అతి పెద్ద స్టేడియంకి వెళ్దాం. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీది. అక్కడ అందరూ 'బిగ్ హౌస్' అంటారు.

కిందటేడు అక్టోబర్‌లో నాన్న వస్తే తీసుకెళ్లాను. బయటి నుంచి చూసి "ఇదేనా? మన జిల్లా స్టేడియంలా ఉందే" అన్నారు. నిజమే, రోడ్డు మీద నుంచి అంత ఎత్తు కనిపించదు. ఎందుకంటే స్టేడియంలో ఎక్కువ భాగం నేలలోకి తవ్వి కట్టారు. గేటు దాటి లోపలికి అడుగుపెడితే మనం పై అంచున ఉంటాం, మైదానం ఎక్కడో కింద ఉంటుంది. నాన్న నోటమాట లేదు.

1927లో కట్టినప్పుడు సీట్లు 72,000. ఫీల్డింగ్ యోస్ట్ అనే ఆయన పట్టుబట్టి కట్టించాడు, రేపెప్పుడైనా లక్ష దాటించేలా పునాదులు కూడా వేయించాడు. ఇప్పుడు 1,07,601. చివర్లో ఆ ఒకటి ఏంటంటారా? పాత కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్ గౌరవార్థం ఒక సీటు ఎక్కువ లెక్కేస్తారు. అది ఏ సీటో మాత్రం ఎవరికీ చెప్పరు! 2013లో నోటర్ డేమ్‌తో మ్యాచ్‌కి 1,15,109 మంది వచ్చారు. ఇదంతా కాలేజీ పిల్లల ఆట కోసం, గుర్తుపెట్టుకోండి. 2014లో ఇక్కడే మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ ఆడితే లక్షా తొమ్మిది వేల మంది చూశారు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్. మామూలుగా ఇక్కడ ఆడేది చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకి. ఇంత తెలిస్తే మొదటి మ్యాచ్‌కి చాలు.

ఇప్పుడు అసలు విషయం. హాఫ్‌టైమ్‌లో నాన్న "నీళ్లు తెస్తా" అని లేచి వెళ్లారు, తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే కలవదు. లక్ష మంది ఒకేసారి ఫోన్ వాడుతుంటే సిగ్నల్ ఫుల్‌గా చూపించినా కాల్ వెళ్లదు, మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. ఆయనకి షుగర్. బ్యాగ్ లోపలికి రానివ్వరని మందులు రూమ్‌లోనే వదిలేశాం, తప్పు నాదే. నలభై నిమిషాలు మెట్లెక్కుతూ దిగుతూ వెతికాను. చివరికి ఒక వాలంటీర్ పెద్దాయన పక్కన కుర్చీలో కూర్చుని, జ్యూస్ తాగుతూ కనిపించారు. సెక్షన్ నంబర్ మర్చిపోయారట, టికెట్ ఏమో నా ఫోన్‌లో ఉంది.

కాబట్టి మీరు పెద్దవాళ్లతో వెళ్తే, గేటు నంబర్, సెక్షన్, వరుస కాగితం మీద రాసి జేబులో పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. టికెట్లు ఇంటి దగ్గరే వాలెట్‌లో వేసుకోండి, గేటు దగ్గర నెట్‌ని నమ్మొద్దు. మందులు, బ్యాగుల రూల్స్ ముందురోజు చూసుకోండి. మోకాళ్ల నొప్పులుంటే పై వరుసలే తీసుకోండి, దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి కదా.

మ్యాచ్ టికెట్ ఖరీదే. డబ్బు లేకపోయినా ఆ ఊరు చూడొచ్చు. స్టేడియం నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే క్యాంపస్ మధ్యలో డయాగ్. అక్కడ నేలలో ఇత్తడి 'ఎం' ఉంటుంది. మొదటి పరీక్షకి ముందు దాన్ని తొక్కితే ఫెయిలవుతారని పిల్లల నమ్మకం, అందరూ చుట్టూ తిరిగి పోతారు. దగ్గర్లోనే ఒక మూల మీద నిలబెట్టిన పెద్ద నల్ల క్యూబ్, టన్నుకు పైనే బరువు. భుజంతో తోస్తే తిరుగుతుంది! నేచురల్ హిస్టరీ మ్యూజియంకి టికెట్ లేదు, ఏనుగులాంటి మాస్టొడాన్‌ల ఎముకల గూళ్లు చూడండి. అక్టోబర్‌లో అయితే నికొల్స్ ఆర్బొరేటం వదలొద్దు, ఆకులన్నీ ఎర్రగా, పసుపుగా, కింద హ్యూరాన్ నది. జింగర్‌మన్స్‌లో సాండ్‌విచ్ బాగుంటుంది, కానీ ధర రూపాయల్లో నాన్నకి చెప్పకండి. నేను చెప్పాను, సగం తిని సగం పొట్లం కట్టించారు.

మర్నాడు బస్సెక్కే ముందు ఆయన మళ్లీ ఆ క్యూబ్ దగ్గరికి వెళ్లి, మూడు చుట్లు తిప్పి వచ్చారు. వీడియో నా దగ్గరుంది, చివర్లో పెడుతున్నాను.