జిగురు పట్టీలో విటమిన్ ఇ: ఎవరికైనా తోచేదేనా?

అల్జీమర్స్ వచ్చిన పెద్దవాళ్లకు రివాస్టిగ్మిన్ మందు క్యాప్సూల్‌గా ఇస్తే వికారం, వాంతులు ఎక్కువ. అదే మందును జిగురు పట్టీలో పెట్టి వీపుకో భుజానికో అంటిస్తే, రోజంతా కొద్దికొద్దిగా చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. నోవార్టిస్ తెచ్చిన ఎక్సెలాన్ ప్యాచ్ ఇలాంటిదే. అమెరికాలో 2007లో దానికి అనుమతి వచ్చింది.

చర్మానికి అంటించే జిగురుతో చిక్కులు చాలా. కాస్త నొక్కగానే చర్మపు గీతల్లోకి పాకేంత మెత్తగా ఉండాలి. చెమట పట్టినా, ఒళ్లు వంచినా జారకూడదు. పీకేటప్పుడు చర్మం లేచి రాకూడదు. వృద్ధుల పల్చటి చర్మానికి ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఇవన్నీ కుదిరినా, అమ్ముడయ్యేదాకా పట్టీలోని మందు చెడకుండా ఉండాలి. రివాస్టిగ్మిన్‌కు ఆక్సిజన్ తగిలితే చెడే గుణం ఉంది. అందుకే ఎక్సెలాన్‌లో మందు ఉన్న యాక్రిలిక్ పొరలోనూ, చర్మాన్ని పట్టుకునే సిలికోన్ పొరలోనూ విటమిన్ ఇ కలిపారు.

రివాస్టిగ్మిన్‌కు విటమిన్ ఇ లాంటి యాంటీఆక్సిడెంట్ జోడించడం మీదే పేటెంట్లు, వాటి మీదే తగవు. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్నవాడికి అప్పటికే ఇట్టే తోచే మార్పుకు పేటెంటు చెల్లదని 1952 నాటి అమెరికా చట్టం చెబుతుంది. మందు చెడుతుందని తెలిశాక విటమిన్ ఇ ఎవరికైనా తోస్తుంది. చెడుతుందని ముందే తెలుసా అన్నదే అసలు ప్రశ్న.

జెనెరిక్ కంపెనీ వాట్సన్‌తో వ్యాజ్యంలో డెలావేర్ కోర్టు, తెలియదనే నమ్మి పేటెంటు నిలబెట్టింది. 2015లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఔనంది. నోవెన్ కంపెనీ పేటెంట్ ఆఫీసు విచారణ మండలికి వెళితే ఫలితం తిరగబడింది. అణువు నిర్మాణం చూస్తేనే ఆక్సిజన్ ముప్పు నిపుణుడు పసిగడతాడని మండలి తేల్చింది.

నాకు మండలి మాటే సబబనిపిస్తుంది. అణువులో బలహీనమైన చోటు కనిపిస్తే పరీక్షించి చూడటం ఫార్మా రసాయనవేత్త రోజూ చేసే పని. ఆ పనికి గుత్తహక్కు ఇస్తే, చవక ప్యాచ్ కోసం ఎదురుచూసే కుటుంబాలు దాని ఖర్చు మోయాలి.

ఒకే పేటెంటుకు రెండు తీర్పులేమిటని నోవార్టిస్ అడిగింది. 2017లో అదే అప్పీలు కోర్టు మండలి నిర్ణయాన్ని ఖరారు చేసింది. మండలి ముందున్న సాక్ష్యాలు వేరు. పైగా కోర్టులో పేటెంటును కొట్టేయాలంటే స్పష్టమైన, బలమైన రుజువు కావాలి. మండలిలో సాక్ష్యాల మొగ్గు ఎటుంటే అటే తీర్పు.