ఇంటి కుక్క కోళ్ల జోలికి పోకుండా ఉండాలంటే...

తిరుచానూరు చుట్టుపక్కల పల్లెల్లో నాలుగు నాటుకోళ్లు, ఒక పాడిఆవు, రెండు మేకలు పెట్టుకున్న ఇంటికి వాకిట్లో కుక్క ఉంటేనే ధైర్యం. దొంగలకు, ముంగిసలకు, నక్కలకు అదే కాపలా. అయితే ఒక్కోసారి ఆ కుక్కే కోడిని పట్టేస్తుంది. పిల్లల కోడి పోయిందంటే దాని వెనకున్న పది పిల్లలూ పోయినట్టే. అది పక్కింటివాళ్ల కోడయితే ఇంక తగాదాకు లెక్కే లేదు. "నెత్తురు రుచి చూసింది, ఇంగ మానదప్పా" అని కుక్కకు విషం పెట్టేవాళ్లూ ఉన్నారు. విషం పెట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. ఆ విషం తిని మన మేకా, కోడీ చావవచ్చు కూడా.

పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. కోడి రెక్కలు కొట్టుకుంటూ ఉరికితే దానికి అదొక ఆట. తరిమిన కొద్దీ ఆ అలవాటు ముదురుతుంది. కాబట్టి తరిమే అవకాశమే ఇవ్వకూడదు.

పిల్లప్పుడే నేర్పాలి

కుక్కపిల్ల 3 నుంచి 14 వారాల వయసులో చూసినవాటికి తేలిగ్గా అలవాటు పడుతుంది. ఎనిమిది వారాలు నిండాక తల్లి దగ్గర నుంచి తెచ్చుకుని, ఆ రోజు నుంచే కోళ్లను, మేకలను దూరం నుంచి చూపించండి.

మెడకు తాడు కట్టి కోళ్లకు పది పదిహేను అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. కోళ్లను చూసి, పిలవగానే మీ వైపు తిరిగితే అప్పటికప్పుడే ఉడికిన గుడ్డు ముక్కో, సంగటి ముద్దో పెట్టండి. ఎగబడితే "వద్దు" అని ఒక్కమాట చెప్పి వెనక్కి తీసుకుపోండి. పొద్దునా సాయంత్రం పదేసి నిమిషాలు చాలు. నిదానంగా ఉంటేనే రోజు రోజుకూ కొంత దగ్గరికి తీసుకుపోవాలి. కొన్ని వారాలు ఒక్కసారి కూడా ఎగబడకపోతే పొడుగు తాడుతో వదలండి, ఆ తర్వాతే తాడు తీయండి. అప్పుడు కూడా మనిషి దగ్గర ఉండాలి.

కొడితే లాభం లేదు

చచ్చిన కోడిని చూపించి కొడితే కుక్కకు దెబ్బ ఎందుకు పడిందో తెలియదు. మీరంటే భయపడుతుంది, మీరు లేనప్పుడు మళ్లీ పడుతుంది. ఇప్పటికే కోళ్లను చంపిన పెద్ద కుక్కను పూర్తిగా నమ్మరాదు. పగలు నీడలో నీళ్లు పెట్టి కట్టేయండి, రాత్రి కోళ్లను గూట్లో మూశాక వదలండి. కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి ఏ కుక్కనూ పోనీయకండి. ఆవు పొడుస్తుంది, కుక్క తిరగబడుతుంది.

తిండి, టీకా

కోసిన కోడి పేగులు, గొర్రె తలకాయ పచ్చివి కుక్కకు వేయకండి. గొర్రె మెదడులోని నీటి బుడగలు తిన్న కుక్కకు బద్దెపురుగులు పడతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో మేతలో కలిస్తే గొర్రెలు తల వాల్చి గుండ్రంగా తిరిగే జబ్బు వస్తుంది. పశువైద్యుడు చెప్పిన ప్రకారం పురుగుల మందు తాపించండి.

మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ వేయిస్తూ ఉండాలి. మనిషిని కుక్క కరిస్తే పసుపు, సున్నం పూయవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పశువును కరిచినా గాయం అట్లాగే కడిగి పశువైద్యునికి చూపించాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. మనకు అది పక్క ఊరే.

విషం పెట్టే ముందు ఒక మూర తాడు, నెల రోజుల ఓపిక పెట్టి చూడండి. కోళ్లూ దక్కుతాయి, కాపలా కుక్కా దక్కుతుంది.