పొగగొట్టాల కంటే కిందుగా ఎగిరిన బాంబర్లు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళానికి ఒకే పోరాటంలో ఎక్కువ మెడల్ ఆఫ్ ఆనర్ పతకాలు వచ్చింది రొమేనియాలోని ప్లొయెష్టి పట్టణం మీద. ఐదు పతకాలు. అందులో మూడు మరణానంతరం ఇచ్చినవి. ఆ ఒక్కరోజు రికార్డును ఇంతవరకూ ఏ వైమానిక దాడీ దాటలేదు.

తేదీ 1943 ఆగస్టు 1, ఆదివారం. లిబియాలో బెంఘాజీ చుట్టూ ఉన్న ఎడారి స్థావరాల నుంచి 170కి పైగా బి-24 లిబరేటర్లు లేచాయి. మధ్యధరా సముద్రం దాటి, బాల్కన్ కొండల మీదుగా వెళ్ళి, ప్లొయెష్టి చుట్టూ ఉన్న చమురు శుద్ధి కర్మాగారాల మీద బాంబులు వేసి తిరిగి రావాలి. రానూ పోనూ మూడున్నర వేల కిలోమీటర్ల పైమాటే. మామూలు ట్యాంకుల్లోని పెట్రోలు అంత దూరానికి చాలదు కాబట్టి బాంబులు పెట్టే అరలోనే అదనపు ట్యాంకులు బిగించారు. వెంట కాపలాకి ఒక్క ఫైటర్ విమానం కూడా లేదు. అంత దూరం వెళ్ళగల ఫైటర్ అప్పటికి అక్కడ లేదు.

అసలు వింత ఎత్తులో ఉంది. ఇరవై వేల అడుగుల నుంచి పని చేయడానికి తయారైన నాలుగు ఇంజన్ల భారీ విమానాలను చెట్ల చివర్లు తగిలేంత కిందికి దించారు. రాడార్‌కి చిక్కకూడదనీ, గురి తప్పకూడదనీ అలా చేశారు. ఎడారిలో ప్లొయెష్టి నమూనా గీసి, దాని మీద వారాల తరబడి సాధన చేశారు. కొన్ని రిఫైనరీల పొగగొట్టాలు విమానాల కంటే ఎత్తుగా నిలబడ్డాయి. బాంబులు వేసినవాళ్ళే వాటి మంటల్లో చిక్కుకోకుండా, ఆలస్యంగా పేలే బాంబులు పెట్టారు. కాగితం మీద మంచి ఏర్పాటే. కానీ రెండు దళాలు ఫ్లొరెష్టి దగ్గర తిరగాల్సింది తొందరపడి తర్గోవిష్టె దగ్గరే తిరిగి, రైలు పట్టాల వెంట బుకారెస్ట్ దారి పట్టాయి. అటు వెళ్ళాక తప్పు తెలుసుకుని వెనక్కి మళ్ళితే, వాళ్ళు కొట్టిన చోటికే తర్వాతి దళాలు మరో దిక్కు నుంచి వచ్చాయి. వాళ్ళకి ఎదురైనవి పొగ, మంటలు, అప్పుడప్పుడే పేలుతున్న ముందు దళం బాంబులు. ఆ దళాల నాయకులు కర్నల్ లియోన్ జాన్సన్, కర్నల్ జాన్ కేన్ అయినా వెనుదిరగలేదు. ఇద్దరికీ పతకాలు దక్కాయి, ఇద్దరూ బతికి వచ్చారు. ట్యాంకుల నుంచి పెట్రోలు కారుతున్న విమానాన్ని మండుతున్న కర్మాగారం మీదుగా నడిపిన పైలట్ లాయిడ్ హ్యూస్ తిరిగి రాలేదు.

నేల మీద జర్మన్లకి ఇంకో ఎత్తుగడ ఉంది. పట్టాల మీద వెళ్తున్న మామూలు గూడ్సు బండిలా కనిపించినది, పక్క తలుపులు కిందికి పడగానే విమాన విధ్వంసక తుపాకుల బండిగా తేలింది. ఆ బండి విమానాలతో పాటే పరుగెత్తుతూ కాల్చింది. లెక్క చివరికి ఇలా తేలింది: 50కి పైగా విమానాలు పోయాయి, 300 మందికి పైగా చనిపోయారు. తిరిగొచ్చినవాటిలో ఎక్కువ భాగం దెబ్బతిన్నవే.

ఫలితం? కంపిన దగ్గర ఉన్న స్టియవా రొమానా రిఫైనరీ యుద్ధం ముగిసే దాకా మళ్ళీ నడవలేదు. మొత్తం మీద మాత్రం జర్మన్లు కొన్ని వారాల్లోనే ఉత్పత్తిని సర్దుకున్నారు. దానికి కారణం చాలా మామూలుది: అప్పటికే అక్కడ పూర్తి సామర్థ్యంతో నడవని రిఫైనరీలు ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి అందుకుంది.

ప్లొయెష్టికి ఈ పోరు కొత్త కాదు. 1857లోనే ఈ ప్రాంతంలో చమురు శుద్ధి మొదలైంది, ఆ ఏడాది నుంచే బుకారెస్ట్ వీధుల్లో కిరోసిన్ దీపాలు వెలిగాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో జర్మన్లకి దక్కకూడదని బ్రిటిష్ అధికారి నార్టన్-గ్రిఫిత్స్ ఇక్కడి బావుల్ని, ట్యాంకుల్ని తగలబెట్టించాడు.

ప్లొయెష్టి దాడి జరిగిన 1943 ఆగస్టులోనే, 17న మరో రికార్డు నష్టం. ఈసారి గురి విమానాల పరిశ్రమ: రెగెన్స్‌బర్గ్‌లో మెస్సర్‌ష్మిట్ ఫ్యాక్టరీ, ష్వైన్‌ఫర్ట్‌లో బాల్ బేరింగులు. ఇంగ్లండు నుంచి 376 బి-17లు వెళ్తే 60 తిరిగి రాలేదు. అయినా 1944లో జర్మనీ దాదాపు 40 వేల విమానాలు తయారు చేసింది, అంతకు ముందు ఏ ఏడాదికన్నా ఎక్కువ. కొట్టిన కొద్దీ పెరిగిన పరిశ్రమ!

అయితే వాటిలో పోయడానికి పెట్రోలు లేకపోయింది. 1944 మే నుంచి బాంబర్లు ఎత్తు నుంచే కృత్రిమ చమురు కర్మాగారాలను వదలకుండా కొట్టాయి. ఏప్రిల్‌లో 1,75,000 టన్నులున్న వాటి విమాన ఇంధన ఉత్పత్తి సెప్టెంబరుకి 5,000 టన్నులకి పడిపోయింది. ఈ నెలలకి ప్లొయెష్టికి వచ్చినన్ని పతకాలు రాలేదు. నా లెక్కలో మాత్రం జర్మన్ విమానాలను నేల మీద కూర్చోబెట్టింది ఈ విసుగు పుట్టించే పని.

1944 ఆగస్టు 23న రొమేనియా జర్మనీని వదిలి పక్షం మార్చింది. నాలుగు రోజుల తర్వాత రొమేనియా పైలట్ కన్‌స్టాంటిన్ కాంటకుజినో తన మెస్సర్‌ష్మిట్ 109 మీద అమెరికా జెండా గీయించి, వెనక రేడియో అరలో అమెరికన్ ఖైదీ లెఫ్టినెంట్ కర్నల్ జేమ్స్ గన్‌ని కుక్కి ఇటలీకి ఎగిరాడు. ఒకే సీటు విమానంలో ఇద్దరు! ఆ కబురు అందాక బి-17లు వచ్చి వెయ్యి మందికి పైగా అమెరికన్ ఖైదీలను ఇంటిదారి పట్టించాయి.

లిబరేటర్ సంగతి కూడా చెప్పాలి. అమెరికా యుద్ధ విమానాల్లో దీని కంటే ఎక్కువగా తయారైనది ఇంకొకటి లేదు, 18 వేల పైమాట. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్ళు కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్లు మళ్ళీ ఎగరకుండా పాడుచేసి పోయారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు వాటిలో దాదాపు 40 విమానాలను బాగుచేసి ఎగిరించారు. భారత వైమానిక దళం 1968 దాకా వాటిని నడిపింది. ప్రపంచంలో ఏ సైన్యమూ అంత చివరిదాకా లిబరేటర్‌ని వాడలేదు. ఈనాడు అమెరికా, బ్రిటన్ మ్యూజియాల్లో కనిపించే లిబరేటర్లలో కొన్ని అలా మన దగ్గర నుంచి వెళ్ళినవే.