గుర్రపు గిట్ట సంరక్షణ: నాడా వేయాలా, వద్దా?

తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో ‘గుర్రపు డెక్క’ అంటే ఇవాళ చాలామందికి కాలువ నీటికి అడ్డంపడే మొక్కే గుర్తుకొస్తుంది. ఈ భాగంలో మనం తెలుసుకొనేది అసలైన గుర్రపు డెక్క గురించి. ఒకప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె రైల్వేస్టేషన్ల ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. ఆ గుర్రాలకు నాడా (కొన్నిచోట్ల లాడం అంటారు) తప్పనిసరి. జట్కాల పని ఇప్పుడు ఆటోలు చేస్తున్నాయి. గుర్రానికి ఎక్కువగా పెళ్లి ఊరేగింపులే మిగిలాయి. పని మారినా నాడా అలవాటు మాత్రం అలాగే ఉంది. అది ఇప్పటి గుర్రానికి మేలు చేస్తోందా అన్నది మన ప్రశ్న.

పెరుగుదల, అరుగుదల

గిట్ట మన గోరులాంటిది. దాని బయటి గోడ నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు భాగంలో పైనుంచి నేలదాకా పూర్తిగా కొత్త గోడ రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే ఈరోజు గిట్టకు జరిగిన హాని పూర్తిగా పోవాలంటే దాదాపు ఏడాది ఆగాలి.

పెరిగినదానికంటే ఎక్కువ అరిగితే గుర్రం కుంటుతుంది. రోజంతా కంకర రోడ్డు మీద బండి లాగిన జట్కా గుర్రం పరిస్థితి ఇదే. దానికి ఇనుప నాడా నిజమైన రక్షణ. పెళ్లి గుర్రం సంగతి తారుమారు. అది కొన్ని రాత్రులు మాత్రమే రోడ్డెక్కుతుంది, తక్కిన రోజులు పాకలోనే ఉంటుంది. దానికి అరుగుదల తక్కువ, పెరుగుదల ఎక్కువ. దానికి ముందుగా కావలసింది క్రమం తప్పని గిట్ట కోత.

ఎద్దుల విషయంలో మన రైతులకు ఈ సూత్రం ఎప్పటినుంచో తెలుసు. వరి మాగాణి బురదలో దున్నే ఎద్దుకు నాడాలు అక్కర్లేదు, రోడ్డు మీద బరువు లాగే ఎద్దుకు కావాలి. (ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండేసి రేకులు కొడతారు.)

నాడా చేసే మేలు, కీడు

గుర్రం అడుగు వేసినప్పుడు బరువు పడి గిట్ట మడమ వైపు కొద్దిగా విచ్చుకుంటుంది, కాలు ఎత్తగానే దగ్గరకు వస్తుంది. బిగించిన ఇనుము ఈ కదలికను తగ్గిస్తుంది. అందుకే అనుభవమున్న నాల్‌బందు మేకులను గిట్ట ముందు సగంలోనే, స్పర్శ లేని బయటి గోడలోనే దించుతాడు. మేకు లోపలి సున్నిత భాగానికి తగిలితే చీము పట్టవచ్చు. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ. టీకా వేయించకుండా నాడా కొట్టించడం ప్రమాదం. నున్నటి సిమెంటు రోడ్డు తడిసినప్పుడు నాడా జారుతుందని కూడా గుర్తుంచుకోండి. అక్కడ ఉత్త గిట్టకే పట్టు ఎక్కువ.

కృష్ణా పశ్చిమ డెల్టాలో అరుగుదల కంటే పెద్ద సమస్య తేమ. వానాకాలంలో నల్లరేగడి బురద గిట్ట అడుగున అంటుకుపోతుంది. పాకలో మూత్రం, పేడ నిలిస్తే గిట్ట అడుగున త్రికోణాకారంలో ఉండే మెత్తటి భాగం కుళ్లి నల్లబడుతుంది, దుర్వాసన వేస్తుంది. దీనికి నాడా మందు కాదు, పైగా దాని అంచున బురద మరింత ఇరుక్కుంటుంది. రోజూ గిట్ట అడుగు గీకి శుభ్రం చేయడం, నిలబడే చోటు పొడిగా ఉంచడం, ఈ రెండే అసలు చికిత్స.

ఖర్చు లెక్క

నాడా తీసేస్తే ఖర్చే ఉండదనుకోవడం పొరపాటు. నాడా ఉన్నా లేకపోయినా దాదాపు 6 వారాలకొకసారి గిట్ట కోయించాలి. ఏడాదికి 8 సార్లు అనుకొందాం. కోత కూలి 1 వంతు, నాడాలతో కలిపి 3 వంతులు అయితే, ఏడాదికి ఒకదానికి 8 వంతులు, మరొకదానికి 24 వంతులు. ఇది ఊహించిన నిష్పత్తి మాత్రమే. మీ ఊరి రేట్లు వేసి మళ్లీ లెక్కకట్టండి.

24 వంతులు భరించలేక కొందరు నాడాను 12 వారాలదాకా ఉంచేస్తారు. ఖర్చు 12 వంతులకు దిగుతుంది, కాని అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. గిట్ట ముందుకు పెరిగేకొద్దీ నాడా దానితోపాటు ముందుకు జరుగుతుంది, మడమకు ఆధారం పోతుంది, మేకుల దగ్గర గోడ పగులుతుంది. నా దృష్టిలో, వేళకు మార్చలేని నాడా కంటే వేళకు కోసిన ఉత్త గిట్టే మేలు.

నాడా తీసిన వెంటనే గుర్రం మామూలుగా నడవలేదు. గిట్ట గట్టిపడటానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. ఆ కాలంలో పోయే సంపాదన కూడా ఖర్చే. పెళ్లిళ్లుండని ఆషాఢంలో తీయిద్దామంటే అది వానలు మొదలయ్యే కాలం, పాక నేల ముందే ఎత్తు చేసుకోవాలి. గిట్టలో పగుళ్లు, వాపు, కుంటు ఉన్న గుర్రానికైతే పశువైద్యుని చూపించకుండా నాడా తీయించకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

బాపట్లలో ఒక గుర్రం నెలకు నాలుగు రాత్రులు ఊరేగింపులకు వెళుతుంది. యజమాని నాడాలను 3 నెలలకొకసారి మార్పిస్తున్నాడు. పాక నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఆ గుర్రం గిట్టల్లో ఏయే మార్పులు కనిపించవచ్చు? యజమానికి మీరు మొదట ఏ సలహా ఇస్తారు, ఎందుకు?