పిల్లల నేత్రారోగ్యపు అలవాట్లు – పెద్దల పర్యవేక్షణ: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేపథ్యం

కీలక పదాలు: దృష్టిలోపం, పర్యవేక్షణ, కళ్ళద్దాలు, హ్రస్వదృష్టి, పాఠశాల.

ఉపోద్ఘాతం:

చూపు మందగించిన పసివాడు ఆ సంగతి తనంతట తాను చెప్పడు. లోకం తనకు కనిపించినట్లే అందరికీ కనిపిస్తుందని అనుకుంటాడు. నల్లబల్ల మీది అక్షరాలను పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకోవడం, టీవీకి దగ్గరగా జరగడం, తల ఒకవైపుకు వంచి చూడటం వంటి లక్షణాలను పెద్దలే కనిపెట్టాలి. ఒక కంటిలోనే లోపమున్నప్పుడు ఈ లక్షణాలు కూడా బయటపడకపోవచ్చు. రెండవ కన్ను ఆ లోటును కప్పివేస్తుంది. ఆంబ్లియోపియా అనే మందదృష్టికి ఏడెనిమిదేళ్ళలోపు చికిత్స అందితే ఫలితం మెరుగ్గా ఉంటుంది కనుక ఇక్కడ ఆలస్యానికి మూల్యం ఎక్కువ.

పరీక్ష – పరీక్ష తరువాత:

2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు, అనంతపురంలో 'వైఎస్సార్ కంటి వెలుగు' ప్రారంభమైంది. తొలి విడతను బడిపిల్లలకే కేటాయించారు. నాడు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమయ్యాయి. పరీక్ష ఒకనాటి పని. అద్దాలు ధరించడం నిత్యకృత్యం. తోటివారి ఎగతాళికి జంకి అద్దాలను సంచిలోనే దాచుకునే పిల్లలుంటారు. అద్దాలు పెడితే చూపు ఇంకా తగ్గుతుందనీ, ఆడపిల్లకు సంబంధాలు రావనీ వెనుకాడే పెద్దలూ ఉంటారు. రెండవ అడ్డంకి మొదటిదానికన్నా బలమైనది.

పర్యవేక్షించే పెద్దలెవరు?

ధర్మవరంలో మగ్గం చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. తండ్రి నేతలో, తల్లి కండెలు చుట్టడంలో ఉంటే బిడ్డ కళ్ళెదుటే ఉన్నట్లు లెక్క. అయినా వాడి చేతిలోని ఫోను కంటికి ఎంత దూరంలో ఉందో చూసే తీరిక ఇద్దరికీ ఉండదు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి కార్ల కర్మాగారం వంటి చోట్ల షిఫ్టులలో పనిచేసే తల్లిదండ్రులకు బిడ్డ మేలుకొని ఉండే వేళలే దొరకకపోవచ్చు. హిందూపురం నుండి బెంగళూరుకు పనికి వెళ్ళేవారి ఇళ్ళలో ఆ బాధ్యత అవ్వాతాతలది. కంట్లో ఆకుపసరు, చనుబాలు వేసే పాత వాడుక వారిలో ఇంకా ఉంటే, ఆ శ్రద్ధే ఇన్ఫెక్షన్‌కు దారితీయవచ్చు. కనుక అవగాహన సమావేశాలకు తల్లులను మాత్రమే పిలవడం చాలదు.

నిషేధమా? దినచర్యా?

'ఫోను చూడకు' అన్న మందలింపు అలవాటును నిర్మించదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటవ తరగతి పిల్లలకు బడివేళల్లో రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి కార్యక్రమాన్ని జోడించారు. మూడేళ్ళలో వారిలో 30.4 శాతం మందికి, మామూలు కాలపట్టిక అనుసరించిన బడుల పిల్లల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చిందని 2015లో ప్రచురితమైన ఫలితాలు తెలుపుతున్నాయి. అక్కడ పిల్లల ఇష్టానికి వదలకుండా పెద్దలు కాలపట్టికనే మార్చారన్నది గమనార్హం. ఆటల పీరియడును గణితానికి ఇచ్చివేసే మన పాఠశాలలకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఇంటి విషయానికి వస్తే, ఎదిగే బిడ్డకు అద్దాల పవరూ, ఫ్రేము కొలతా మారుతూ ఉంటాయి. ఏడాదికొకసారి తిరిగి పరీక్ష చేయించవలసిన తేదీని గుర్తుపెట్టుకోవలసింది పెద్దలే.